ఏ కుళాయి నీళ్ళు?

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో, తన ఊళ్ళో తాగునీటి పరీక్షలు చేస్తున్న ఒక గ్రామ సంఘం సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం. ఆమె మాట్లాడిన తీరును చాలావరకు అలాగే ఉంచాం.)



బ్యాంకు లింకేజీ లెక్కలు అయినాయి, స్త్రీనిధి లెక్కలు అయినాయి. ఇక భోజనాలే అనుకునే టైములో నన్ను నిలబెట్టారు. నీళ్ళ గురించి ఎవరు వింటారే అని ఆటోలో వచ్చేటప్పుడు మా ఊరోళ్ళు నవ్వారు. అందుకే ఈ ఫొటో పెద్దది చేయించి తెచ్చా. వెనకున్న వాళ్ళకు కనపడతందా? మూడు చిన్న సీసాలు. రెండిట్లో నీళ్ళు పసుపు రంగులో ఉన్నాయి, మూడోది టీ డికాషన్ కంటే నల్లగా ఉంది. మూడూ మా ఊరి నీళ్ళే. ఒకే ట్యాంకు నీళ్ళు, ఒకే పొద్దున పట్టినవి. ఆ మూడో సీసా గురించే నేను చెప్పేది.

ముందు ఈ పని నాకెట్లా వచ్చిందో చెప్తా. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించారు గదా, ఇంటింటికీ కుళాయి అని. ఆ పథకంలోనే ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు నీళ్ళు పరీక్ష చేయడం నేర్పించాలని ఉంది. మా గ్రామ సంఘం నుంచి ఐదుగురం పోయాం. ఒక పిల్ల పెళ్ళై వెళ్ళిపోయింది, ఇంకొకామె చూపు సరిగా ఆనక మానుకుంది. ముగ్గురం మిగిలాం. చిన్న సూట్‌కేసు లాంటి పెట్టె ఇచ్చారు. అందులో చుక్కల మందులు, గాజు గొట్టాలు, రంగుల కార్డు. పదో తరగతి తప్పినదాన్ని నేను. మొదటి రోజు ఆ సీసాల మీద పేర్లు చూసి భయమేసింది. వంటలో ఉప్పు చిటికెడు, పసుపు చిటికెడు వేసే చెయ్యే గదా, ఇక్కడ ఐదు చుక్కలంటే ఐదు చుక్కలే వేయాలి, అంతే తేడా అని ఆ సారు అన్నాక ధైర్యమొచ్చింది.

నీళ్ళ సంగతి మనకు కొత్త కాదు. పప్పు ఉడకకపోతే ఈ నీళ్ళు కఠినమని ఏ మీటరూ లేకుండా మనమే చెప్తాం. తలంటుకుంటే జుట్టు జిగటగా చిక్కులు పడుతుంది, గిన్నె అడుగున తెల్లటి పెంకు కడుతుంది. ఉప్పగా ఉంటే నాలుకే చెప్తుంది. తుప్పు వాసన, మట్టి రంగు, ఇవన్నీ కంటికీ ముక్కుకీ దొరికేవి. దొరకనివి వేరే ఉన్నాయి. క్రిములకు రుచి లేదు. నైట్రేట్‌కు రుచి లేదు. అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే సీసా పాలు కలిపి తాపే పసిబిడ్డకు ప్రమాదం. అట్లాగే ఫ్లోరైడ్. చల్లగా, తేటగా, కొబ్బరి నీళ్ళంత కమ్మగా ఉండే బోరు నీళ్ళలోనే అది ఉండొచ్చు.

ఫ్లోరైడ్ గురించి మన ప్రాంతపు ఆడవాళ్ళకు నేను చెప్పాలా? మా అమ్మమ్మ ఎదుటి మనిషి మొహం చూడాలంటే తల పక్కకు తిప్పి కింద నుంచి చూసేది. నడుం అంత వంగిపోయింది. ముసలితనం అనుకునేవాళ్ళం. ఇప్పుడు లెక్కేస్తే అప్పటికామెకు యాభై దాటలా. 1937లోనే షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు ఈ జబ్బు గురించి రాశారు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఇది ఉందని చెప్పారు. మన పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లావే. 1970లో ఒంగోలు జిల్లా చేసినప్పుడు ఇటు కలిపారు, 1972లో దానికే ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. అంటే మా అమ్మమ్మ పిల్లగా ఉన్న రోజులకే ఇది కాగితం మీద ఉంది. ఆమె దాకా ఆ కాగితం రాలేదు. ఏ బావి నీళ్ళు తాగాలో, ఏ బావివి తాగకూడదో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలి. వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఇది మన దేశపు తాగునీటి ప్రమాణం. పెట్టెలో మందు కలిపితే రంగు ఎరుపు నుంచి పసుపు వైపు తిరిగేకొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువ అని అర్థం. ఒక్క మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మొన్న కూడా ఒక బాలింత ఇంట్లో చూశా. నీళ్ళు కాచి తాగితే ఫ్లోరైడ్ పోదు. కాగి నీళ్ళు తగ్గుతాయి, ఫ్లోరైడ్ తగ్గదు. అంటే ఇంకా చిక్కనవుతుంది. క్రిములకైతే కాచడం మంచి మందు. రెండూ కలిపేయొద్దు.

ఇక ఆ మూడో సీసా.

నేను ఎనిమిది నెలలు పరీక్షలు చేశా. ప్రతి నెలా తప్పకుండా చేశా, ఫోన్లో యాప్‌లో ఎక్కించా. ఎనిమిది నెలలూ నీళ్ళు బాగున్నాయనే వచ్చింది. మండల మీటింగులో మా ఊరికి చప్పట్లు కూడా కొట్టారు, మీలో కొంతమందికి గుర్తుండే ఉంటుంది. తొమ్మిదో నెలలో, కార్తీక మాసం వానలకు, మా ఊరి చివర ఎస్సీ కాలనీలో విరేచనాలు మొదలైనాయి. ముందు ఇద్దరు పిల్లలు, మూడు రోజుల్లో పదకొండు మంది. ఏఎన్ఎం, ఆశా కలిసి ఓఆర్ఎస్ పొట్లాలు పంచారు. ఒక ముసలామెను పట్నం ఆసుపత్రికి తీసుకుపోయి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది.

ఆ వారం గ్రామ సంఘం మీటింగులో ఆ కాలనీ సంఘం లీడరు లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. “అక్కా, నీళ్ళు బాగున్నాయని రాశావంట గదా. ఏ నీళ్ళు? యాడ పట్టావు?” అని అడిగింది.

రిజిస్టరు తీశాం. ఎనిమిది నెలలూ ఒకటే కుళాయి, ట్యాంకు పక్కన సంఘం బిల్డింగు కుళాయి. పెట్టె అక్కడే ఉంటుంది, నీడ ఉంటుంది, బల్ల ఉంటుంది. కాలనీ దాకా పోవాలంటే ముప్పావు కిలోమీటరు. నేను అబద్ధం రాయలేదు. ఆ కుళాయి నీళ్ళు నిజంగానే బాగున్నాయి. కానీ “ఊరి నీళ్ళు బాగున్నాయి” అని రాశా చూశారా, అది నేను చూడని దాని గురించి రాసిన మాట. ముప్పావు కిలోమీటరు దూరమనే పోలేదా, ఇంకేమన్నా ఉందా అని ఆ రాత్రి నన్ను నేను అడుక్కున్నా. రామాలయం దగ్గర కుళాయి ఉంటే పోయేదాన్నే. ఇది మైకులో చెప్పడం అవసరమా అని మా ఆయన అన్నాడు. అవసరమే అనుకున్నా.

తెల్లారి మూడు చోట్ల పట్టాం. ట్యాంకు దగ్గర, రామాలయం దగ్గర, కాలనీలో ఆఖరి ఇంటి కుళాయి దగ్గర. క్రిముల పరీక్షకు వేరే సీసా ఉంటుంది, హెచ్‌టూఎస్ సీసా అంటారు, మందు ముందే అందులో ఉంటుంది. కుళాయి మూతి తుడిచి మంటతో కాల్చాలి. ప్లాస్టిక్ కుళాయి అయితే స్పిరిట్ దూదితో తుడవాలి. రెండు మూడు నిమిషాలు నీళ్ళు వదిలేయాలి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు, మన చేతి క్రిములే అందులో పడతాయి. గీత దాకా పట్టి మూత బిగించి వెచ్చటి చోట పెట్టాలి. ఒక రోజు, నల్లబడకపోతే రెండో రోజు కూడా చూడాలి. నేను బీరువాలో చీరల మధ్య పెట్టా. మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే రెండు పసుపు, కాలనీది ఈ ఫొటోలో ఉన్న రంగు. చూసి కాసేపు అట్లాగే మంచం మీద కూర్చుండిపోయా.

యాప్‌లో పెట్టే ముందు ఊళ్ళో చెప్పాలి గదా అని చెప్పా. అప్పటి నుంచి మొదలైంది. ఒక పెద్దాయన ఇంటికొచ్చి, “అమ్మాయ్, అది ఢిల్లీ దాకా కనపడతదంట, ఊరి పేరు పోతది. నాలుగు బ్లీచింగ్ మూటలు వేయిద్దాం, మళ్ళీ పరీక్ష చేసి బాగుందని పెట్టు” అన్నాడు. ఆయన చెడ్డోడు కాదు. ఫ్లోరైడ్ ఊరని తెలిస్తే పిల్లనిచ్చేవాళ్ళు, చేసుకునేవాళ్ళు వెనక్కి పోయిన రోజులు ఆయన చూశాడు. గారపళ్ళ ఊరని వెక్కిరించడం మనమందరం విన్నదే. ఫోన్లో ఒక సారు, “సీసా తేదీ అయిపోయిందేమో చూడమ్మా” అన్నారు. ఆ మాట న్యాయమే. చూశాను, తేదీ ఇంకా ఐదు నెలలుంది. అయినా ఇంకో రెండు సీసాలు పట్టాం. ఈసారి కాలనీ లీడరు చేత్తోనే పట్టించా. సాయంత్రానికే నల్లబడినాయి.

మన సంఘం పుస్తకంలో బాకీ కట్టని మనిషి పేరు ఉంటుంది గదా. సొంత తోడికోడలైనా ఓవర్‌డ్యూ అని రాస్తాం. పంచసూత్రాల్లో పుస్తకాలు రాయడం కూడా ఒకటని ఇరవై ఏళ్ళుగా మనకు చెప్తానే ఉన్నారు. రాయకపోతే ఆమె బాకీ పోదు, సంఘమే పోతుంది. ఆ అలవాటే ఆ రోజు నా చేత ఎక్కించింది. ఫొటోతో సహా పెట్టా, ఏ కుళాయో రాసి, తేదీ, టైము వేసి.

పెట్టిన తర్వాత ఊరి పేరు ఏమీ పోలేదు. మన పెట్టెలో చెడ్డగా వస్తే ల్యాబు వాళ్ళు మళ్ళీ పరీక్ష చేయాలి, నిజమని తేలితే ఏం బాగుచేశారో కూడా అందులోనే రాయాలి. ల్యాబు వాళ్ళొచ్చి వాళ్ళ సీసాల్లో పట్టుకుపోయారు. ఈకోలై ఉందని వచ్చింది. మలం ఎక్కడో నీళ్ళలో కలుస్తుందని దానికి అర్థం. వంద మిల్లీలీటర్ల నీళ్ళలో ఒక్కటి కూడా ఉండకూడదు. పైపు లైను వెంట తవ్వుకుంటూ పోయారు. కాలనీకి పోయే పైపు కల్వర్టు దగ్గర మురుగు కాలవ అడుగు నుంచి పోతంది. జాయింటు ఊడి ఉంది. నీళ్ళు వదిలినప్పుడు లోపలి నీళ్ళు బయటికి చిమ్ముతాయి, అప్పుడు బాగానే ఉంటుంది. మన ఊళ్ళలో నీళ్ళు ఇరవై నాలుగు గంటలూ రావు గదా, కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు బయటి మురుగు ఆ సందులోంచి లోపలికి పోతుంది. మర్నాడు ముందు వచ్చే నీళ్ళు అవే.

ఇంతలో ఇంజనీరు ఇంకో మాట అడిగాడు, “ఈ లైన్లో కుళాయిలకు మోటార్లు ఎన్ని ఉన్నాయి?” అని. ఎవరూ మాట్లాడలేదు. కుళాయికి నేరుగా మోటారు పెట్టి లాగితే పైపులో గాలి కూడా మిగలదు, ఎక్కడ చిల్లుంటే అక్కడి మురుగును లాక్కొస్తుంది. పై వీధుల్లో మోటార్లు లాగేస్తే కాలనీకి చేరేది సన్నటి ధార, ఆ మురుగుతో కలిసి. లెక్కపెడితే పందొమ్మిది మోటార్లు తేలినాయి. అందులో ఒకటి మా ఇంట్లోది. మేడ మీద ట్యాంకు నిండడానికి మా ఆయన పెట్టాడు, నేను రోజూ స్విచ్ వేసేదాన్ని. అంటే నల్ల సీసాలో నా వాటా కూడా ఉంది. ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన గొడవ ఇక్కడ చెప్పను. మోటారు తీసేసి సంపు కట్టుకున్నాం, కుళాయి నీళ్ళు దానంతటవే సంపులో పడతాయి, సంపులోంచి మేడకు ఎక్కించుకుంటాం. తక్కిన వాళ్ళలో పదకొండు మంది తీశారు. ఏడుగురు ఇంకా తీయలేదు. వాళ్ళలో ఇద్దరు ఇవాళ ఈ సభలోనే ఉన్నారు, పేర్లు చెప్పనులే.

పైపు మార్చడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. అన్నాళ్ళూ కాలనీకి ట్యాంకరు నీళ్ళు. ట్యాంకరు వచ్చిన ప్రతిసారీ క్లోరిన్ చూశాం. ఇది మీరందరూ నేర్చుకోవచ్చు, ఐదు నిమిషాల పని. మందు చుక్కలు వేస్తే నీళ్ళు పసుపుగా మారాలి. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. రంగు రాలేదంటే క్లోరిన్ లేదు. నీళ్ళు పట్టిన చోటనే చూడాలి. బిందెలో ఇంటికి తెచ్చి సాయంత్రం చూస్తే అది ఎగిరిపోయి ఉంటుంది. బ్లీచింగ్ పొడి కూడా అంతే. మంచి పొడిలో మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది, మూట విప్పి పంచాయతీ ఆఫీసు మూలన వానాకాలమంతా పడేస్తే మిగిలేది సున్నం. “ఇన్ని కిలోలు వేశాం” అని చెప్తారు, వేసింది ఏమిటో ఎవరూ చూడరు. వేశాక అరగంటైనా ఆగి నీళ్ళు వదలాలి. మా ట్యాంకు మనిషి వేస్తూనే వదిలేసేవాడు, వాసన వచ్చింది గదా అని.

కొత్త పైపు వేశాక మూడు సార్లు పట్టాం, మూడు సార్లూ పసుపే. అది కూడా ఎక్కించాం.

ఇది బాగుపడింది. బాగుపడనిది ఇంకోటుంది. ఆ రోజు “ఏ నీళ్ళు?” అని అడిగినప్పటి నుంచి మా రిజిస్టరులో ఒక గడి కొత్తగా గీశాం. ఏ కుళాయి అనే గడి పక్కన, ఏ నీళ్ళు అని. సాగర్ నీళ్ళా, పాత బోరు నీళ్ళా? సాగర్ నీళ్ళు రాని రోజుల్లో పాత బోరు ఆన్ చేసి అదే ట్యాంకులోకి ఎక్కిస్తారు. కుళాయి అదే, బిందె అదే, పట్టుకునేవాళ్ళకు తేడా తెలీదు. సాగర్ రోజున ఫ్లోరైడ్ చూస్తే ఒకటి లోపలే. బోరు రోజున చూస్తే రంగు పసుపుకు తిరిగింది, కార్డు మీద రెండు దగ్గర కూర్చుంది. ఇన్నాళ్ళూ నేను సాగర్ రోజునే పట్టుంటా. వేసవిలో నెలకు పన్నెండు రోజులు బోరు నీళ్ళు ఎక్కాయని ఇప్పుడు మా దగ్గర రాత ఉంది. ఇన్నాళ్ళు “అప్పుడప్పుడు” అని చెప్పి ఊరుకునేవాళ్ళు. ఆ పన్నెండు తేదీలూ కాగితం మీద రాసి గ్రామసభలో ఇచ్చాం, ఇంకా జవాబు రాలేదు. ప్రస్తుతానికి బోరు ఎక్కించిన రోజు ట్యాంకు మెట్లకు ఎర్ర గుడ్డ కట్టమని అడిగాం. ఆ రోజు ఆ నీళ్ళు బట్టలకు, గొడ్లకు వాడి, తాగడానికీ వంటకూ ముందు రోజు పట్టినవి వాడుకుంటున్నారు. గుడ్డ కట్టడం రెండు సార్లు మర్చిపోయారు. మర్చిపోయిన రోజులు కూడా రాశాం.

క్యాను నీళ్ళు కొనుక్కుంటాం మాకెందుకీ బాధ అనే అక్కలు ఉన్నారు. కొనుక్కోండి. ఆ ప్లాంటు వాళ్ళను చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించారో కాగితం అడగండి చాలు. మా ఊళ్ళో అడిగితే ఆయన గోడకు తగిలించిన దేవుడి పటం చూపించాడు. బళ్ళో మధ్యాహ్న భోజనం వండేది, అంగన్‌వాడీలో పిల్లలు తాగేది మాత్రం కుళాయి నీళ్ళే.

పరీక్ష చేసేవాళ్ళకు రెండు మాటలు చెప్పి దిగుతా. రంగుల కార్డు పగటి వెలుతురులో, నీడపట్టున చూడాలి. సాయంత్రం ట్యూబులైటు కింద పసుపంతా తెలుపే. పెట్టె అన్నీ ఉజ్జాయింపుగా చెప్తుంది, ఖచ్చితమైన అంకె ల్యాబే చెప్పాలి. అందుకని తేడా వస్తే భయపడొద్దు, దాచొద్దు, ల్యాబుకు పంపండి. ప్రతి నీటి వనరుకూ ఏడాదికి ఒకసారి రసాయన పరీక్ష, రెండు సార్లు క్రిముల పరీక్ష ల్యాబులో జరగాలి. మీ ఊరికి జరిగిందో లేదో సచివాలయంలో అడిగే హక్కు మీకుంది. నల్లబడిన సీసాను కాలవలో పారేయొద్దు. బ్లీచింగ్ నీళ్ళు పోసి కాసేపుంచి పారబోసి చేతులు సబ్బుతో కడుక్కోండి. ఈ ఫొటోలోది కూడా అట్లాగే పారబోశాం.

ఇవాళ సీసాల్లో నీళ్ళు తెమ్మని ముందే కబురు పెట్టా. వరండాలో ఎడమ పక్క బల్ల దగ్గర మా ఊరి అక్కలిద్దరు కూర్చున్నారు. ఎదురుగా పిల్లల ప్లాస్టిక్ సీసాలు, కూల్ డ్రింకు సీసాలు పట్టుకుని కొంతమంది కనపడుతున్నారు. తీపి సీసా కడగకుండా తెచ్చినవాళ్ళది పక్కన పెట్టేస్తాం, ఏమనుకోవద్దు. ఫ్లోరైడ్, నైట్రేట్, కఠినత్వం భోజనాలయ్యేలోపు చూసి చెప్తాం. క్రిముల పరీక్ష ఇట్లా తెచ్చిన సీసాలతో చేయకూడదు, దానికి ఒక్కో ఊరికి మూడు ఖాళీ హెచ్‌టూఎస్ సీసాలు ఇస్తాం, ఊళ్ళో పట్టుకోండి. సీసా ఇచ్చేటప్పుడు మా అక్కలు అడుగుతారు, ఏ వీధి కుళాయి, బోరు నీళ్ళా సాగర్ నీళ్ళా, ఎప్పుడు పట్టారు అని. తెలీదంటే తీసుకోరు. మూడు సీసాల్లో ఒకటి మీ ఊరి ఆఖరి కుళాయిది కావాలి.